డిస్కు మీద ఉన్నది కాదు, మెమరీలో ఉన్నది చెప్పు

కొన్నేళ్ల కిందట నేను చూసుకుంటున్న ఒక సర్వీసులో వర్కర్ ప్రాసెస్‌లు (అసలు పని చేసే ప్రోగ్రామ్ నకళ్లు) రోజుకు రెండు మూడుసార్లు ఉన్నట్టుండి కూలిపోయేవి. కుదించిన ఫైళ్లను విప్పే చోటే ఈ గొడవ, అదీ ఒక రకం ఫైలు వచ్చినప్పుడే. తవ్వగా తవ్వగా తప్పు మా కోడ్‌లో లేదని, మేం వాడుతున్న లైబ్రరీలో, అంటే వేరేవాళ్లు రాసిపెట్టిన కోడ్‌లో, ఉందని, తర్వాతి వెర్షన్‌లో దాన్ని సరిచేశారని తెలిసింది. కొత్త వెర్షన్ ఎక్కించాం. ఆ రాత్రే మరో వర్కర్ కూలింది.

సాఫ్ట్‌వేర్ ఎక్కించే ప్యాకేజీ మేనేజర్‌ని అడిగితే కొత్త వెర్షనే ఉందంది. డిస్కు మీద ఫైలు తేదీ చూస్తే అదీ కొత్తదే. బగ్‌ని సరిగ్గా సరిచేయలేదేమోనని లైబ్రరీ సోర్స్ దించుకుని మార్పులన్నీ వరుస వెంట వరుస చదివాను. అక్కడ అంతా బాగానే ఉంది. అయితే మాకు తగిలింది ఇంకేదో బగ్ అయ్యుండాలనుకుని మరో రోజంతా దాని వెంటపడ్డాను. రెండో రోజు సాయంత్రం పక్క టీమ్‌లో బాగా అనుభవమున్న ఒకాయన వచ్చి కూర్చుని, నేను చెప్పిందంతా విని, "ప్యాకేజీని అడిగారు, ఫైలుని అడిగారు. ప్రాసెస్‌ని అడిగారా?" అన్నారు.

లినక్స్‌లో నడుస్తున్న ప్రతి ప్రాసెస్‌కీ ప్రాక్ కింద దాని నంబరుతో ఒక డైరెక్టరీ ఉంటుంది. అందులో మ్యాప్స్ అనే ఫైలు తెరిస్తే ఆ ప్రాసెస్ తన మెమరీలోకి ఏయే ఫైళ్లను తెచ్చుకుందో వరుసగా కనిపిస్తుంది. మా లైబ్రరీ పేరు పక్కన 'డిలీటెడ్' అనే మాట ఉంది. అప్పుడు బోధపడింది. ప్యాకేజీ మేనేజర్ కొత్త ఫైలు పెట్టేటప్పుడు పాతదాని మీద రాయదు. కొత్తదాన్ని పక్కన రాసి, ఆ పేరు దానికి తగిలిస్తుంది. పాత ఫైలుకి పేరు పోతుంది గానీ, దాన్ని పట్టుకున్న ప్రాసెస్ బతికి ఉన్నంతకాలం ఆ ఫైలూ బతికే ఉంటుంది. వర్కర్లను పుట్టించే మా మాస్టర్ ప్రాసెస్ నెలన్నరగా ఆగకుండా నడుస్తోంది. వర్కర్ కూలినప్పుడల్లా అది తనలోంచే మరో వర్కర్‌ని ఫోర్క్ చేస్తోంది, అంటే తన నకలుగా పుట్టిస్తోంది, తన దగ్గరున్న పాత లైబ్రరీతో సహా. మేం ఎక్కించిన కొత్త వెర్షన్ రెండు రోజులుగా డిస్కు మీదే పడి ఉంది. మా ప్రాసెస్‌లలో ఒక్కటి కూడా దాన్ని ముట్టుకోలేదు.

ఆ రోజు నుంచి నాకొక గట్టి అభిప్రాయం ఉంది. ప్రతి లైబ్రరీ, నడుస్తున్న ప్రోగ్రామ్ లోపలి నుంచి అడిగినప్పుడు, తానెవరో తానే చెప్పగలగాలి. మెమరీలో ఉన్న కోడే తన గురించి తాను చెప్పుకోవాలి, ఏ ఫైలో తెరిచి చదివి కాదు. ప్రతి ప్రోగ్రామూ మొదలవగానే తాను వాడుతున్న లైబ్రరీలను ఆ ప్రశ్న అడిగి, జవాబును లాగ్‌లో రాసుకోవాలి. లైబ్రరీలు రాసేవాళ్లలో చాలామంది దీన్ని తీరిక ఉంటే చేసే పనిగా చూస్తారు. నేను దీన్ని బాధ్యత అంటాను.

ఎందుకంటే "ఏ వెర్షన్ వాడుతున్నారు?" అని ఎవరైనా అడిగితే మనం మామూలుగా ఇచ్చేవి వేరే ప్రశ్నలకు జవాబులు. లాక్ ఫైలు (కావాల్సిన వెర్షన్లు రాసుకునే జాబితా) చూసి చెబితే అది మనం కోరుకున్నది. ప్యాకేజీ మేనేజర్‌ని అడిగి చెబితే అది డిస్కు మీద పెట్టినది. హెడర్ (లైబ్రరీని కంపైలర్‌కి పరిచయం చేసే ఫైలు) చూసి చెబితే అది బిల్డ్ చేసిన మెషీన్‌లో ఆ రోజు ఉన్నది. కూలిపోతున్నది మాత్రం ఈ క్షణాన నడుస్తున్నది. ఈ నాలుగూ ఒకటే అయిన రోజున ఎవరికీ ఈ ప్రశ్న అడిగే పని పడదు. అడగాల్సి వచ్చిందంటేనే అవి ఎక్కడో విడిపోయాయన్న అనుమానం ఉన్నట్టు.

సీ భాషలో రాసేవాళ్లకు ఈ తేడా మొదటి నుంచీ తెలుసు, అక్కడ దెబ్బ నేరుగా తగులుతుంది కాబట్టి. హెడర్ ఫైలులో వెర్షన్ ఒక మాక్రోగా (కంపైల్ సమయంలోనే దాని అర్థంతో మార్చేసే పేరుగా) ఉంటుంది. కంపైల్ అయ్యేటప్పుడు ఆ అంకె మన ప్రోగ్రామ్‌లో అచ్చు పడిపోతుంది. ఆ తర్వాత ఎన్నేళ్లు నడిచినా, ఏ మెషీన్ మీద నడిచినా అదే చెబుతుంది. నడిచే సమయంలో డైనమిక్ లింకర్ తెచ్చి అతికించే లైబ్రరీ మాత్రం వేరే వెర్షన్‌ది కావచ్చు. అందుకే మంచి సీ లైబ్రరీలు మాక్రో ఒకటి, ఫంక్షన్ ఒకటి, రెండూ ఇస్తాయి. నువ్వు నన్ను ఎవరనుకుని కంపైల్ అయ్యావో మాక్రో చెబుతుంది. నేను నిజంగా ఎవరినో ఫంక్షన్ చెబుతుంది. లిబ్‌కర్ల్, ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్, ఎస్‌క్యూలైట్, జీలిబ్‌సీ అన్నీ ఈ దారిలో నడిచేవే.

వీటిలో నాకు అన్నిటికన్నా నచ్చింది జెడ్‌లిబ్ పద్ధతి. జాన్-లూ గాయీ, మార్క్ ఆడ్లర్ రాసిన ఈ కుదింపు లైబ్రరీ 1995లో మొదటిసారి బయటికి వచ్చింది. కుదింపు మొదలుపెట్టడానికి పిలిచే డిఫ్లేట్‌ఇనిట్ చూడటానికి ఫంక్షన్‌లా ఉంటుంది గానీ నిజానికి అది మాక్రో. మనం ఇచ్చినవాటితో పాటు అది అసలు ఫంక్షన్‌కి మరో రెండు విషయాలు చేరవేస్తుంది. ఒకటి, మనం కంపైల్ అయినప్పుడు హెడర్‌లో ఉన్న వెర్షన్ స్ట్రింగ్. రెండోది, జెడ్-స్ట్రీమ్ అనే స్ట్రక్చర్ సైజు. లైబ్రరీ ఆ స్ట్రింగ్ మొదటి అక్షరాన్ని తన వెర్షన్ మొదటి అక్షరంతో పోల్చుకుంటుంది, సైజు సరిపోయిందో లేదో చూసుకుంటుంది. ఏది తేడా వచ్చినా వెర్షన్ ఎర్రర్ ఇచ్చి అక్కడే ఆగిపోతుంది. మొత్తం స్ట్రింగ్ కలవాలని పట్టుబట్టి ఉంటే ప్రతి చిన్న సవరణకూ ప్రపంచంలోని ప్రోగ్రాములన్నీ మళ్లీ కంపైల్ అవ్వాల్సి వచ్చేది. అసలు ఏమీ చూడకపోతే, సైజు మారిన స్ట్రక్చర్‌తో లైబ్రరీ మన మెమరీని పాడుచేసేది. రెండింటికీ మధ్య ఎంత చూడాలో అంతే చూశారు. వెర్షన్ కనుక్కోండని డాక్యుమెంటేషన్‌లో రాసి వదిలెయ్యకుండా, మనం మరిచిపోయినా ఆ పరీక్ష జరిగేలా కట్టారు.

జెడ్‌లిబ్‌లోనే ఇంకో చిన్న సంగతి ఉంది. దాని సోర్స్‌లో 'డిఫ్లేట్' లేదా 'ఇన్‌ఫ్లేట్' అనే మాట, వెర్షన్ నంబరు, కాపీరైట్ సంవత్సరాలు, రచయిత పేరు ఉన్న ఒక స్ట్రింగ్ ఉంటుంది. మీ డాక్యుమెంటేషన్‌లో మా పేరు వేసే వీలు లేకపోతే కనీసం ఈ స్ట్రింగ్‌ని మీ ప్రోగ్రామ్‌లో ఉంచండి అని రచయితలు దాని పైన కామెంట్‌లో అడిగారు. పేరు కోసం అడిగింది మరో పనికి కూడా వచ్చింది. 2002 మార్చిలో జెడ్‌లిబ్ 1.1.3లో ఒకే మెమరీని రెండుసార్లు విడుదల చేసే లోపం బయటపడి 1.1.4 వచ్చింది. అప్పటికే చాలా ప్రోగ్రాములు జెడ్‌లిబ్‌ని స్టాటిక్‌గా కలుపుకుని ఉన్నాయి. అలాంటివాటిలో విడిగా లైబ్రరీ ఫైలు ఉండదు, అడగటానికి ప్యాకేజీ ఉండదు. కోడ్ లోపల మిగిలిపోయిన ఆ ఒక్క వాక్యాన్ని బైనరీలో వెతికితే ఎవరి కడుపులో ఏ జెడ్‌లిబ్ ఉందో తెలుస్తుంది. లైబ్రరీ గుర్తింపు కోడ్‌తోనే ప్రయాణం చేయాలని నేననడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ నాకు దొరకలేదు.

డేటాబేస్ లైబ్రరీ ఎస్‌క్యూలైట్ ఇంకో అడుగు ముందుంది. వెర్షన్ స్ట్రింగ్ ఇచ్చే ఫంక్షన్ ఉంది, పోల్చుకోవడానికి వీలుగా ఒకే పూర్ణాంకంగా ఇచ్చే ఫంక్షన్ ఉంది. 3.8.5 అయితే ఆ అంకె 3008005. వీటికి తోడు సోర్స్ ఐడీ ఇచ్చే ఫంక్షన్ కూడా ఉంది. ఈ బైనరీ ఏ రోజు, ఏ సమయానికి చెక్ఇన్ అయిన సోర్స్ నుంచి వచ్చిందో, దాని హాష్ (ఆ సోర్స్‌కి వేలిముద్ర లాంటి అంకె) ఏమిటో అది చెబుతుంది. ఆ సోర్స్‌ని తర్వాత ఎవరైనా మార్చి కంపైల్ చేస్తే హాష్ చివరి నాలుగు అంకెలు మారవచ్చని కూడా రాసి పెట్టారు. అంటే నేను ఎవరిని అన్నదానితో ఆగకుండా, నన్ను ఎవరైనా మార్చారా అన్నది కూడా చెప్పే ప్రయత్నం.

పాపం, ఇంత చక్కగా చెప్పే ఎస్‌క్యూలైట్‌ని పైథాన్‌లో వాడినవాళ్లు ఏళ్ల తరబడి తికమకపడ్డారు. పైథాన్‌తో వచ్చే ఎస్‌క్యూలైట్ మాడ్యూల్‌లో 'వెర్షన్' అని ఒక పేరు, 'ఎస్‌క్యూలైట్ వెర్షన్' అని మరో పేరు ఉండేవి. మొదటిది 2.6.0 అనేది. అది డేటాబేస్ లైబ్రరీ వెర్షన్ కాదు, మధ్యలో ఉన్న పైథాన్ అతుకు కోడ్ వెర్షన్. రెండోదే అసలు లైబ్రరీది. మొదటిదాన్ని చూసి మన డేటాబేస్ ఇంత పాతదా అని కంగారుపడినవాళ్లను నేను ఎరుగుదును. పైథాన్ 3.12లో ఆ మొదటి పేరును వాడొద్దన్నారు, 3.14లో తీసేశారు. మంచి పని చేశారు. పైనున్న పొర తన నంబరు చెప్పి, కిందున్న లైబ్రరీని మరుగున పడేస్తే, జవాబు దొరికిందన్న భ్రమ మిగులుతుంది. అసలు జవాబే లేకపోవడం కన్నా అది చెడ్డది.

పైథాన్ మాటెత్తాను కాబట్టి నాకు అన్నిటికన్నా పట్టింపు ఉన్న విషయానికే వస్తాను. ప్రతి మాడ్యూల్‌లోనూ అటూ ఇటూ రెండేసి అండర్‌స్కోర్లతో వెర్షన్ అనే పేరు పెట్టుకునే అలవాటు చాలాకాలంగా ఉంది. వాడుకలో దాన్ని డండర్ వెర్షన్ అంటారు. దీన్ని ఒక పద్ధతిలో పెడదామని 2011లో బ్యారీ వార్సా పెప్ 396 అనే పైథాన్ ప్రతిపాదన రాశారు. పదేళ్ల తర్వాత, 2021లో, దాన్ని తిరస్కరించారు. అప్పటికి పైథాన్ 3.8తో ఇంపోర్ట్‌లిబ్ మెటాడేటా వచ్చేసింది. ప్యాకేజీ పేరు ఇస్తే వెర్షన్ చెప్పే ఫంక్షన్ ఉండగా ప్రతి మాడ్యూల్‌లో మళ్లీ ఓ అంకె ఎందుకన్నది వాదన. అందులో బలం లేకపోలేదు. ఒకే సంగతిని రెండు చోట్ల రాసుకుంటే ఒకచోట మార్చి రెండోచోట మరిచిపోతాం. రిలీజ్ అయ్యాక మాడ్యూల్ ఇంకా పాత నంబరే చెబుతున్న లైబ్రరీలు నాకూ తగిలాయి.

కానీ ఈ మెటాడేటా జవాబు ఎక్కడి నుంచి వస్తుందో చూడండి. అది ఇంపోర్ట్ అయిన మాడ్యూల్‌ని ముట్టుకోదు. మీరు అడిగిన క్షణాన డిస్కు మీద ఆ ప్యాకేజీ తాలూకు సమాచార డైరెక్టరీని వెతికి, అందులోని ఫైలు చదివి చెబుతుంది. ప్రాసెస్ నడుస్తుండగా ఎవరైనా కింద ప్యాకేజీని అప్‌గ్రేడ్ చేస్తే, మెమరీలో పాత కోడ్ నడుస్తూనే ఉంటుంది, మెటాడేటా మాత్రం కొత్త నంబరు చెబుతుంది. నన్ను రెండు రోజులు తిప్పలు పెట్టిన తప్పు జవాబే ఇది. తేడా ఏమిటంటే, ఈసారి అది ప్రాసెస్ లోపలి నుంచే వస్తుంది కాబట్టి మరింత నమ్మేస్తాం. పైథాన్ వెబ్ లైబ్రరీ ఫ్లాస్క్ 2023లో వచ్చిన 3.0 నుంచి తన డండర్ వెర్షన్‌ని వాడొద్దంటోంది. ఇంకా అడిగేవాళ్ల కోసం ఉంచిన దారి కూడా అడిగినప్పుడే మెటాడేటాలోకి వెళ్లి చదివి ఇస్తుంది. ఫ్లాస్క్ రాసేవాళ్ల మీద నాకు గౌరవం ఉంది, ఈ నిర్ణయంతో మాత్రం ఏకీభవించలేను.

పేర్ల ఇబ్బంది ఒకటి ఉండనే ఉంది. ఇంపోర్ట్ చేసే పేరు యామల్, ప్యాకేజీ పేరు పైయామల్. ఇంపోర్ట్ చేసేది పిల్, ప్యాకేజీ పిల్లో. సీవీ2 అని ఇంపోర్ట్ చేసేదాన్ని ఓపెన్‌సీవీ-పైథాన్ కూడా ఇస్తుంది, దాని హెడ్‌లెస్ రకం కూడా ఇస్తుంది. పొరపాటున రెండూ ఎక్కిస్తే ఒకదాని ఫైళ్ల మీద మరొకటి రాసుకుంటుంది. మెటాడేటాని అడిగితే రెండూ ఉన్నాయంటుంది, రెండింటికీ నంబర్లు చెబుతుంది. మీరు పిలుస్తున్న ఫంక్షన్ ఏ దాంట్లోంచి వచ్చిందో అది చెప్పలేదు. మాడ్యూల్‌ని అడిగితే ఆ మాడ్యూల్ తన జవాబు తాను చెబుతుంది.

రెండు చోట్ల రాసే బెడదకు మందు లేదా అంటే ఉంది. నంబరును ఒక్కచోటే రాసి, ప్యాకేజీ కట్టే సమయంలో మాడ్యూల్ లోపల చిన్న ఫైలుగా పుట్టించవచ్చు. సెట్‌అప్‌టూల్స్-ఎస్‌సీఎం లాంటి సాధనాలు గిట్ ట్యాగ్ చూసి ఈ పని చేసిపెడతాయి. అదీ వద్దనుకుంటే మాడ్యూల్ ఇంపోర్ట్ అవుతున్నప్పుడే మెటాడేటాని ఒక్కసారి చదివి ఆ విలువను పట్టుకుని ఉంచుకోవచ్చు. కోడ్ మెమరీలోకి వచ్చిన వేళే నంబరు కూడా వస్తే చాలు. పెర్ల్‌లో ఈ ఆలోచన భాషలోనే ఉంది. యూజ్ అని మాడ్యూల్ పేరు రాసి పక్కన నంబరు రాస్తే, లోడ్ అయిన మాడ్యూల్‌లోని వెర్షన్ అనే చరరాశినే చూస్తుంది, అది తక్కువైతే ముందుకు పోనివ్వదు.

జావా సంగతి 2021 డిసెంబరులో ప్రపంచమంతా చూసింది. లాగ్‌లు రాసే లాగ్‌ఫోర్‌జే లైబ్రరీలో సీవీఈ-2021-44228 అనే భద్రతా లోపం బయటపడగానే ప్రతి టీమ్‌కీ ఒకటే ప్రశ్న: మా ప్రోగ్రాముల్లో లాగ్‌ఫోర్‌జే ఉందా, ఉంటే ఏ వెర్షన్? 2.15.0తో సరిపోతుందన్నారు, చాలలేదు. 2.16.0 వచ్చింది, తర్వాత 2.17.0, ఆ నెలాఖరులోపే 2.17.1. అంటే ఆ కొద్ది వారాల్లో 'అప్‌డేట్ చేశాం' అన్న మాటకు అర్థమే లేదు, కచ్చితమైన నంబరు కావాలి. జార్ ఫైలు (జావా కోడ్‌ని కట్టిన మూట) పేరులో నంబరు ఉంటుంది కదా అని డిస్కంతా వెతికితే, లైబ్రరీలన్నిటినీ విప్పి ఒకే పెద్ద జార్‌గా కట్టినచోట ఆ పేరే కనిపించదు. జావాలో ఒక క్లాస్ పట్టుకుని, దాని ప్యాకేజీ ద్వారా ఇంప్లిమెంటేషన్ వెర్షన్ అడగొచ్చు. కానీ అది జార్‌లోని మ్యానిఫెస్ట్ అనే వివరాల ఫైలు చూసి చెబుతుంది. పెద్ద జార్‌లో కలిసిపోయాక లైబ్రరీ సొంత మ్యానిఫెస్ట్ మిగలదు. జవాబుగా నల్ రావచ్చు, లేదా కలిపిన అప్లికేషన్ నంబరే లైబ్రరీ నంబరులా రావచ్చు. గుర్తింపును కోడ్‌లో కాకుండా కోడ్ చుట్టూ ఉన్న సంచి మీద రాశారు. సంచి మార్చగానే గుర్తింపు పోయింది.

గో భాష ఈ లెక్కన చాలా బాగుంది. 1.12 నుంచి బిల్డ్ సమాచారం చదివే ఫంక్షన్ ఉంది. ఆ ప్రోగ్రామ్‌లోకి వచ్చిన మాడ్యూళ్లన్నీ, వాటి వెర్షన్లతో సహా, బైనరీలోనే ఉంటాయి. 1.18 నుంచి ఏ కమిట్ నుంచి కట్టారో, అప్పుడు కమిట్ చేయని మార్పులేమైనా ఉన్నాయో కూడా చేరింది. జావాస్క్రిప్ట్‌లో ప్రశ్నే వేరేలా ఉంటుంది: ఒకే ప్రాసెస్‌లో ఒకే లైబ్రరీ రెండు మూడు వెర్షన్లు పక్కపక్కనే బతకవచ్చు. రియాక్ట్ అనే లైబ్రరీ రెండు కాపీలుగా వచ్చినప్పుడు అందులోని హుక్స్ అనే సౌకర్యం పనిచేయదన్నది దాని డాక్యుమెంటేషన్‌లోనే ఉంది. అక్కడ ప్యాకేజీ జాబితాను అడిగి లాభం లేదు. మన చేతిలో ఉన్న రియాక్ట్ ఆబ్జెక్ట్‌నే దాని వెర్షన్ ఏమిటని అడగాలి.

వెర్షన్ నంబరు నిజం చెబుతుందన్న నమ్మకం ఏమిటి అని అడిగేవాళ్లున్నారు. న్యాయమైన ప్రశ్న. 2014 ఏప్రిల్ 7న హార్ట్‌బ్లీడ్ అనే భద్రతా లోపం బయటపడినప్పుడు, ఎన్‌క్రిప్షన్ లైబ్రరీ ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్‌లో 1.0.1 నుంచి 1.0.1ఎఫ్ దాకా లోపం ఉందని, 1.0.1జీలో సరిచేశామని చెప్పారు. లినక్స్ డిస్ట్రిబ్యూషన్లయిన డెబియన్ 7లోనూ, రెడ్ హ్యాట్ ఎంటర్‌ప్రైజ్ లినక్స్ 6లోనూ ఉన్నది 1.0.1ఈ. వాళ్లు జీకి మారలేదు. సరిచేసిన భాగాన్ని మాత్రం తెచ్చి ఈలోనే కలిపారు. లైబ్రరీని అడిగితే ప్యాచ్‌కి ముందూ 1.0.1ఈ, ప్యాచ్ తర్వాతా 1.0.1ఈ. ఇది చూపించి, నడుస్తున్నదాన్ని అడగటం దండగ, డిస్ట్రిబ్యూషన్ ప్యాకేజీ నంబరే నమ్మాలి అంటారు. నేను దీన్నుంచి వేరే అర్థం తీసుకుంటాను. ప్యాకేజీ నంబరు సరిగ్గా ఉన్నా, ప్యాచ్ ఎక్కించాక వెబ్ సర్వర్‌ని రీస్టార్ట్ చేయకపోతే అది లోపమున్న పాత కాపీతోనే నడుస్తుంది. డెబియన్‌లో అప్‌గ్రేడ్ తర్వాత ఏ ప్రాసెస్‌లు పాత లైబ్రరీలను పట్టుకుని ఉన్నాయో వెతకడానికే చెక్‌రీస్టార్ట్, నీడ్‌రీస్టార్ట్ లాంటి సాధనాలు ఉన్నాయి. కాబట్టి లైబ్రరీ ఇచ్చే జవాబు చిన్నదైపోయింది, దాన్ని పెంచాలి. మూడు అంకెలు చాలవు. ఎవరు కట్టారు, ఏ సోర్స్ నుంచి కట్టారు, పైన ఏ ప్యాచ్‌లు వేశారు అన్నవి కూడా చెప్పాలి. ఎస్‌క్యూలైట్ సోర్స్ ఐడీ చూపించిన దారి అదే. డిస్ట్రిబ్యూషన్లు ప్యాచ్ వేసేటప్పుడు ఆ స్ట్రింగ్‌కి తమ ప్యాకేజీ నంబరు తోక తగిలిస్తే చాలావరకు తీరిపోతుంది.

లైబ్రరీనే అనుమానించాల్సి వస్తే మాత్రం దాని మాట సరిపోదు, ఒప్పుకుంటాను. 2024 మార్చి 29న ఆండ్రెస్ ఫ్రాయిండ్ కుదింపు లైబ్రరీ ఎక్స్‌జెడ్ 5.6.0, 5.6.1లో దొంగదారి పెట్టారని బయటపెట్టినప్పుడు, ఆ లైబ్రరీని లోడ్ చేసి నీ వెర్షన్ ఏమిటని అడగటం తెలివైన పని కాదు. అక్కడ బయటి నుంచి, ఫైలును నడపకుండా చూడాలి. ఒక ప్రోగ్రామ్‌కి ఏ లైబ్రరీలు కావాలో చూపించే ఎల్‌డీడీ కమాండ్ కూడా కొన్ని సందర్భాల్లో ఆ ప్రోగ్రామ్‌ని నడిపే ప్రమాదం ఉందని దాని మాన్యువల్ పేజీలోనే హెచ్చరిక ఉంది.

ఇంకో అభ్యంతరం మీద నాకు ఎక్కువ చెప్పాలని ఉంది. వెర్షన్ అడిగే వీలు ఇస్తే జనం దాని మీద ఇఫ్‌లు (ఈ వెర్షన్ అయితే ఇలా చెయ్యి అనే షరతులు) రాస్తారు, ఆ ఇఫ్‌లు రేపు విరుగుతాయి అంటారు. విరిగాయి కూడా. ఒపేరా 10 బ్రౌజర్ వచ్చిన 2009లో చాలా వెబ్‌సైట్లు మొదటి అంకె ఒక్కటే చదివి దాన్ని ఒకటో వెర్షన్ అనుకునేవి. దాంతో ఒపేరా తన గుర్తింపు స్ట్రింగ్ మొదట్లో 9.80 అని రాసి, అసలు నంబరును చివర్లో పెట్టాల్సి వచ్చింది. మ్యాక్ ఓఎస్ 11 వచ్చినప్పుడు పాత ఎస్‌డీకేతో (ప్రోగ్రాములు కట్టే సాధనాల మూటతో) కట్టిన ప్రోగ్రాములకు 10.16 అని చెప్పింది. పైథాన్ 3.10 వచ్చిన 2021లో, వెర్షన్ స్ట్రింగ్‌లో మొదటి మూడు అక్షరాలు కోసుకునే కోడ్ అంతా 3.1 మీద నడుస్తున్నానని అనుకుంది. 3.9ని, 3.10ని అక్షరాలుగా పోల్చితే 3.9 పెద్దది.

అదే 2021 ఫిబ్రవరిలో లినక్స్ కెర్నల్‌కి ఇంకో రకం చిక్కు వచ్చింది. 4.4 వరుసలో సవరణలు 255 దాటాయి. కెర్నల్ వెర్షన్‌ని ఒకే అంకెగా మార్చే మాక్రో చివరి భాగానికి ఎనిమిది బిట్లే ఇచ్చింది. 256 వేస్తే అది పొంగి పక్క గదిలోకి పోయి 4.4.256 కాస్తా 4.5.0లా కనిపిస్తుంది. దాని మీద ఆధారపడిన బయటి డ్రైవర్లు తమది 4.5 అనుకుని లేని ఫంక్షన్ల కోసం వెతుకుతాయి. కెర్నల్ వాళ్లు ఆ అంకెను 255 దగ్గర ఆపేశారు. అంటే అక్కడి నుంచి ఆ మాక్రో చివరి భాగం ఇక నిజం చెప్పదు. ఇఫ్‌లు రాసినవాళ్లను కాపాడటానికి సాక్ష్యాన్ని కుదించాల్సి వచ్చింది.

నేను కోరేది ఇఫ్‌ల కోసం కాదు. ఒక ఫంక్షన్ ఉందా లేదా అని తేల్చుకోవాలంటే ఆ ఫంక్షన్ ఉందో లేదో చూడండి, వెర్షన్ చూసి ఊహించకండి. ఆ మాట ఎన్నిసార్లయినా చెబుతాను. వెర్షన్ సాక్ష్యం కోసం కావాలి. ఏదో తప్పు జరిగిన తర్వాత, ఆ సమయంలో నడిచింది ఏమిటని నిలదీసి అడిగే మనిషికి ఒక కచ్చితమైన జవాబు కావాలి. ఇఫ్‌లు రాస్తారన్న భయంతో ఆ సాక్ష్యాన్నే తీసేస్తే, రాయాలనుకున్నవాళ్లు ఎలాగూ ఇంకో దారిలో రాస్తారు. దెబ్బతినేది వెతుకుతున్నవాళ్లు. బయటివాళ్లకు వెర్షన్ తెలిస్తే దాడి చేస్తారన్నదానికి జవాబు సులువు: లాగ్‌లో రాయండి, నెట్‌వర్క్ మీద వచ్చేవాళ్లకు పలికించకండి.

ఇప్పుడు నా చేతిలో ఉన్న ప్రతి ప్రోగ్రామ్‌లో మొదలయ్యే చోట ఒక చిన్న ఫంక్షన్ ఉంటుంది. మేం నేరుగా వాడే లైబ్రరీలన్నిటినీ, వాటి కింద ఉన్న సీ లైబ్రరీలను కూడా, వాటి సొంత ఫంక్షన్ల ద్వారా అడుగుతుంది. ప్రతిదానికీ పేరు, అది చెప్పిన వెర్షన్, కంపైల్ అయినప్పటి మాక్రో, లోడ్ అయిన ఫైలు పూర్తి దారి లాగ్‌లో ఒక వరుసగా రాస్తుంది. మాక్రోకీ ఫంక్షన్‌కీ తేడా ఉంటే ఆ వరుస హెచ్చరికగా వస్తుంది. మాస్టర్ ఫోర్క్ చేసిన ప్రతి వర్కర్ కూడా తన వరుసలు తాను రాస్తుంది. మొత్తం కలిపి పదకొండు వరుసలు. మొదట్లో ఇంత చెత్త ఎందుకని టీమ్‌లో అడిగారు.

ఈమధ్య ఒకేలా కట్టిన రెండు మెషీన్లలో ఒకటి మాత్రం అప్పుడప్పుడు వేరే ఫలితం ఇస్తోందని ఫిర్యాదు వచ్చింది. కొత్తగా చేరిన అమ్మాయి రెండు లాగ్‌లూ పక్కపక్కన పెట్టి చూసింది. ఏడో వరుసలో జెడ్‌లిబ్ నంబర్లు వేరు, దార్లు కూడా వేరు. రెండో మెషీన్ మీద ఎవరో వేరే సాఫ్ట్‌వేర్ ఎక్కించినప్పుడు లైబ్రరీ పాత్ చరరాశిలో దాని డైరెక్టరీ ముందుకు చేరింది. ఆ డైరెక్టరీలో దాని సొంత జెడ్‌లిబ్ ఉంది. ప్యాకేజీ మేనేజర్‌కి ఆ కాపీ సంగతే తెలియదు. ఆ అమ్మాయి చరరాశిలోంచి ఆ దారి తీసేసి, మాస్టర్‌ని పూర్తిగా ఆపి మళ్లీ మొదలుపెట్టి, ఏడో వరుస మారిందో లేదో చూసి, "ఇప్పుడు ప్రాసెస్‌ని కూడా అడిగానండీ" అంది.